ఫకీర్ చంద్ కోహ్లీ కథలో బీరంగూడ ఎందుకు ముఖ్యం

పెద్ద కంపెనీని నడిపి రిటైరైన మనిషి పోయినప్పుడు వచ్చే వార్తలన్నీ మూసపోసినట్టు ఒకేలా ఉంటాయి. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఏ సంవత్సరం కుర్చీ ఎక్కారు, దిగే టైమ్‌కి కంపెనీ ఎంత పెద్దదైంది, ఏ పద్మ అవార్డు వచ్చింది, చివర్లో ప్రధాని సంతాపం, అంతే. 2020 నవంబర్ 26న ఎఫ్.సి. కోహ్లీ, అంటే ఫకీర్ చంద్ కోహ్లీ, 96 ఏళ్ళ వయసులో కన్నుమూసినప్పుడు కూడా అదే జరిగింది, "భారత సాఫ్ట్‌వేర్ పరిశ్రమ పితామహుడు" అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాటలో తప్పేం లేదు, కానీ ఆ బిరుదు చెప్పేశాక ఆయన అసలు ఏం పని చేశారు అని అడిగేవాళ్ళు ఉండరు, అదీ ఇబ్బంది. మన దగ్గర టీసీఎస్‌లో పనిచేసేవాళ్ళు లేని కాలనీ ఉండదు, ఆఫర్ లెటర్ వచ్చిన రోజు స్వీట్లు పంచిన ఇళ్ళు ఎన్నో. ఆ కంపెనీని పాతికేళ్ళకు పైగా భుజాన మోసిన మనిషి గురించి మాత్రం నాలుగు ముక్కలు చెప్పమంటే చాలామంది ఆగిపోతారు. హైదరాబాద్ పక్కన బీరంగూడలో, చదువు రాని పెద్దవాళ్ళకి కంప్యూటర్‌తో తెలుగు చదవడం నేర్పించిన సంగతి అయితే అసలే తెలీదు, దాని దగ్గరికి వచ్చేముందు ఆయన దారి చూడాలి.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కోహ్లీ టీసీఎస్ ఓనర్ కాదు, మొదలుపెట్టిన మనిషి కూడా కాదు. 1968లో టాటా సన్స్ కింద ఒక డివిజన్‌గా టీసీఎస్ పుట్టింది, అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీలో చదివొచ్చిన కొద్దిమంది కుర్రాళ్ళు అప్పటికే టాటా గ్రూపు కంప్యూటర్ పనులు చూస్తున్నారు. కోహ్లీ 1969లో జనరల్ మేనేజర్‌గా వచ్చారు, 1974లో డైరెక్టర్ ఇన్‌చార్జ్ అయ్యారు, 1996 దాకా పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి, తర్వాత ఎస్. రామదొరైకి అప్పగించి 1999లో 75 ఏళ్ళ వయసులో రిటైరయ్యారు. మొత్తం జీతానికి చేసిన పనే. సొంత డబ్బు పెట్టి, అప్పులు చేసి, గ్యారేజీలో కంపెనీ పెట్టినవాళ్ళ కథలు మనకి బాగా ఎక్కుతాయి, ఎందుకంటే అందులో లాభనష్టాలు కళ్ళకి కనపడతాయి. నెల జీతం తీసుకుంటూ, ఇంకొకరి కంపెనీ కోసం ఇరవై ఏళ్ళ తర్వాత ఏం అవసరం పడుతుందా అని తల పట్టుకుని ఆలోచించడం కనపడని పని. కోహ్లీ గొప్పతనం అంతా అక్కడే ఉంది, అందుకే ఆయన్ని గుర్తుచేసుకోవడం కొంచెం కష్టం కూడా.

1924 మార్చి 19న పెషావర్‌లో పుట్టారు. లాహోర్‌లో కాలేజీ చదువు. నేవీలో సెలెక్ట్ అయి పిలుపు కోసం ఎదురుచూస్తున్న టైమ్‌లో స్కాలర్‌షిప్ వస్తే కెనడాలో కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీకి వెళ్ళి 1948లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశారు. ఆయన అక్కడ చదువుతుండగానే ఇక్కడ దేశం రెండు ముక్కలైంది, పుట్టిన ఊరు వేరే దేశంలోకి పోయింది. 1950లో ఎంఐటీ నుంచి మాస్టర్స్, అమెరికాలో కరెంట్ కంపెనీల దగ్గర కొంత ట్రైనింగ్, 1951లో ఇండియాకి తిరిగొచ్చి బొంబాయిలో టాటా ఎలక్ట్రిక్‌లో చేరారు.

టాటా ఎలక్ట్రిక్‌లో ఆయన చేసిన పనిని వార్తలు ఒక్క లైన్‌లో దాటేస్తాయి. నిజానికి ఆ మనిషి బుర్ర ఎలా తయారైందో అక్కడే తెలుస్తుంది. ఆయన పట్టుకున్నది లోడ్ డిస్పాచ్. అంటే ఏంటంటే, కరెంట్‌ని బియ్యంలాగా బస్తాల్లో దాచుకోలేం, ఊరు ఈ క్షణంలో ఎంత వాడుతోందో ఈ క్షణంలోనే అంత పుట్టించాలి, ఎక్కువైనా తక్కువైనా 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాల్సిన ఫ్రీక్వెన్సీ కదిలిపోతుంది, బాగా కదిలితే ఒకదాని వెనక ఒకటి మెషీన్లు ట్రిప్ అయి ఊరంతా చీకటి. బొంబాయిలో పొద్దున్నే లోకల్ ట్రైన్లు ఒక్కసారి జోరందుకుంటాయి, బట్టల మిల్లుల్లో షిఫ్ట్ మొదలవుతుంది, లోడ్ ఎగబాకుతుంది. ఇటు పడమటి కనుమల్లో ఖోపోలి, భివ్‌పురి, భీరా జలవిద్యుత్ కేంద్రాలు, అటు ట్రాంబేలో బాయిలర్లతో నడిచే థర్మల్ ప్లాంట్. నీటి కేంద్రాన్ని నిమిషాల్లో పెంచొచ్చు, కానీ నీళ్ళు లెక్క ప్రకారం వాడకపోతే ఎండాకాలానికి చెరువు ఖాళీ. బాయిలర్‌ని అలా టక్కున పెంచలేం, తగ్గించలేం, దానికి గంటల ముందే చెప్పాలి. వీటన్నిటినీ ఒకచోట కూర్చుని ఒకే బొమ్మలా చూస్తూ ఎవరు ఎంత ఇవ్వాలో నిర్ణయించేదే లోడ్ డిస్పాచ్ సెంటర్. ఆ వ్యవస్థని అక్కడ నిలబెట్టినవాళ్ళలో కోహ్లీ ముఖ్యులు, 1960లు ముగిసేలోపే ఆ పనికి డిజిటల్ కంప్యూటర్ కూడా వాడటం మొదలుపెట్టారు.

ఆయన కంప్యూటర్ దగ్గరికి వచ్చిన దారి అది. కంప్యూటర్ మీద మోజుతో రాలేదు. ఒక పెద్ద వ్యవస్థలో ఎక్కడో ఒకచోట కదిపితే ఇంకెక్కడ కదులుతుందో చూడాలి, దానికి చేతి లెక్కలు చాలట్లేదు, అందుకని కంప్యూటర్. తర్వాత యాభై ఏళ్ళు ఆయన ఏం ముట్టుకున్నా అదే చూపు. అసలు 1969లో టీసీఎస్‌కి వెళ్ళమన్నప్పుడు పెద్దగా ఇష్టపడలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నారు, కరెంట్ పనే ఆయనకి ప్రాణం. అప్పటి టీసీఎస్ అంటే ఏదో వెలిగిపోతున్న కంపెనీ అనుకోకండి, టిస్కోకి, అంటే ఇప్పటి టాటా స్టీల్‌కి, పంచ్ కార్డుల (చిల్లులు పెట్టి కంప్యూటర్‌కి లెక్కలు ఎక్కించే అట్టముక్కల) పని చేసిపెట్టే చిన్న జట్టు, రేపు ఉంటుందో లేదో కూడా గట్టిగా చెప్పలేని స్థితి.

ఆ రోజుల్లో వాళ్ళకి దొరికిన పెద్ద పనుల్లో ఒకటి సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ఇంటర్ బ్రాంచ్ రీకన్సిలియేషన్. పేరు నోరు తిరగదు గానీ విషయం సింపులే. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి బొంబాయి పార్టీకి డ్రాఫ్ట్ తీశాడనుకోండి, గుంటూరు బ్రాంచి "నేను బొంబాయికి ఇంత బాకీ" అని ఒక చీటీ హెడ్డాఫీసుకి పంపుతుంది, అక్కడ బొంబాయి బ్రాంచి డబ్బు కట్టేసి "గుంటూరు నాకు ఇంత బాకీ" అని ఇంకో చీటీ పంపుతుంది. ఈ రెండు చీటీలూ హెడ్డాఫీసులో ఒకదానికొకటి దొరికితేనే ఆ లెక్క మూసినట్టు. వందల బ్రాంచిలు, రోజూ వేల చీటీలు, అన్నీ చేత్తో జత చేయాలి. జత దొరకని చీటీలు నెలల తరబడి, ఏళ్ళ తరబడి పేరుకుపోతాయి, ఆ గుట్ట కింద దొంగ డ్రాఫ్టు ఒకటి దాక్కున్నా ఎవరికీ తెలీదు. ఆ జత చేసే పనిని పంచ్ కార్డుల మీదకి, కంప్యూటర్ మీదకి ఎక్కించారు. కంప్యూటర్ వస్తే ఉద్యోగాలు పోతాయని యూనియన్లు గట్టిగా పోట్లాడుతున్న కాలం అది, 1969 జూలైలోనే 14 బ్యాంకులు జాతీయం అయ్యాయి, బ్రాంచిలు పల్లెలకి పరుగెడుతున్నాయి. మనుషులతో ఆ లెక్కలు ఇక తెగవు అని ముందే చూడగలగడం చిన్న విషయం కాదు.

ఇక్కడి నుంచి ఎక్స్‌పోర్ట్ కథ. ఇది చాలామందికి తలకిందులుగా తెలుసు, మనవాళ్ళు తెలివైనవాళ్ళు కాబట్టి అమెరికా పిలిచింది అన్నట్టుగా. అసలు సంగతి మెషీన్ దొరక్కపోవడం. 1970ల్లో కంప్యూటర్ దిగుమతి చేసుకోవాలంటే లైసెన్సులు, ఫైళ్ళు, ఢిల్లీ తిరుగుళ్ళు, దాని పైన విపరీతమైన సుంకం, పైగా విదేశీ మారకం కొరత. 1972లో ప్రభుత్వం ఒక స్కీమ్ పెట్టింది, కంప్యూటర్ తెచ్చుకోండి, కానీ దాని విలువకి రెట్టింపు సాఫ్ట్‌వేర్‌ని ఐదేళ్ళలో ఎగుమతి చేసి డాలర్లు తీసుకురావాలి అని. అంటే ఎగుమతి అనేది కోరిక కంటే ముందు ఒక షరతు. ఆ షరతు చూసి వెనక్కి తగ్గినవాళ్ళే ఎక్కువ, కోహ్లీ మాత్రం దాన్నే పట్టుకుని అమెరికాలో కంప్యూటర్లు తయారుచేసే బరోస్ కంపెనీ తలుపు తట్టారు.

1974 ప్రాంతంలో బరోస్ ఇచ్చిన పని ఒక హాస్పిటల్ అకౌంటింగ్ ప్యాకేజీని వాళ్ళ ఒక రకం మెషీన్ నుంచి ఇంకో రకం మెషీన్‌కి మార్చడం. చిక్కేంటంటే మార్చాల్సిన ఆ బరోస్ మెషీన్ ఇక్కడ లేదు, ఉన్నది బ్రిటిష్ కంపెనీ ఐసీఎల్ వాళ్ళ 1903 అనే నంబరు మోడల్. ఎదురుగా పొయ్యి లేకుండా వంట చేసి, రుచి చూడకుండానే పక్క ఊరికి పంపడం లాంటిది. ఒక్కో ప్రోగ్రామ్ కూర్చుని చేత్తో తిరగరాయకుండా, మార్చే పనిని చేసిపెట్టే ఒక ప్రోగ్రామ్‌ని ముందు ఐసీఎల్ మీద రాసుకుని, దాని ద్వారా కోడ్‌ని తిప్పి పంపారు. పని కుదిరింది. ఇంకొకరి పని ఇక్కడ కూర్చుని చేసి పంపొచ్చు అని మొదటిసారి తేలింది అక్కడే, హైటెక్ సిటీలో ఈరోజు జరిగే దానికి మూలం ఆ లేని మెషీన్. 1978లో ఐబీఎం ఇండియా వదిలి వెళ్ళిపోయాక మిగతావాళ్ళు బెంబేలెత్తితే, రకరకాల మెషీన్ల మీద చేయి తిరిగిన టీసీఎస్ వాళ్ళకి అదే బలమైంది, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఆఫీసు తెరిచారు.

తర్వాతి సంగతులు అందరికీ కొంచెం కొంచెం తెలిసినవే, స్విట్జర్లాండ్ షేర్ల సెటిల్‌మెంట్ సిస్టమ్, ఇక్కడ షేర్లని కాగితాలుగా కాకుండా ఖాతాలో దాచే డీమ్యాట్ కోసం ఎన్ఎస్‌డీఎల్ సిస్టమ్, 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పకుండా సరిచేసే వై2కె పని, 2003లో వంద కోట్ల డాలర్ల ఆదాయం దాటడం, 2004లో ఐపీఓ. వాటికంటే 1981లో పుణెలో పెట్టిన టీఆర్‌డీడీసీ అనే రీసెర్చ్ సెంటర్ గురించి ఎక్కువ చెప్పుకోవాలి. గంటల లెక్కన బిల్లు వేసుకునే సర్వీస్ కంపెనీ, చేతిలో పెద్దగా లాభాలు లేని రోజుల్లో, ఎప్పటికి పనికొస్తుందో తెలీని రీసెర్చ్ మీద డబ్బు పెట్టడం ఏంటి? దాన్ని నిలబెట్టడానికి ఐఐటీ కాన్పూర్‌లో పేరున్న మెటీరియల్స్ శాస్త్రవేత్త, మన తెలుగువారు ఇ.సి. సుబ్బారావు గారిని తీసుకొచ్చారు. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ల మీద గట్టి పట్టున్న కేశవ్ నోరి గారు కూడా అక్కడికే వచ్చారు, సాఫ్ట్‌వేర్‌ని చేత్తో రాసే బదులు టూల్స్‌తో తయారుచేయడం అనే ఆలోచన అక్కడ పెరిగింది. బరోస్ పని అప్పుడు చేసిన ట్రిక్కునే ఒక శాస్త్రంగా మార్చే ప్రయత్నం అనుకోవచ్చు. పని దొరికితే చాలు మనుషుల్ని పంపుదాం అనే ధోరణి పరిశ్రమంతా పాకుతున్నప్పుడు ఇలాంటి గది ఒకటి కట్టుకోవడానికి ఓపికా కావాలి, మొండితనమూ కావాలి. మొండితనం ఆయనకి దండిగానే ఉందని కలిసి పనిచేసినవాళ్ళు చెప్తారు, మీటింగ్‌లో ప్రశ్న మీద ప్రశ్న వేస్తే సగం తెలిసి వచ్చినవాళ్ళకి చెమటలు పట్టేవట.

తను పెంచిన పరిశ్రమ మీద ఆయనకి అసంతృప్తి ఉండేది, దీన్ని సంతాప వార్తలు దాదాపు వదిలేశాయి. సాఫ్ట్‌వేర్ ఒక్కటే చాలదు, హార్డ్‌వేర్ కూడా ఇక్కడ తయారవ్వాలి అని రిటైరయ్యాక కూడా చెప్తూనే ఉన్నారు. ఇంగ్లీష్ వచ్చిన కొద్దిమందితోనే కంప్యూటర్ ఆగిపోతే దేశానికి ఏం ఒరగదు, మన భాషల్లోకి రావాలి అని చెప్పారు. నాలుగు పేరున్న కాలేజీలు కాదు, మిగతా ఇంజనీరింగ్ కాలేజీల సంగతి చూడండి అన్నారు, ఊరికే అనడం కాకుండా పుణె ఇంజనీరింగ్ కాలేజీ బోర్డు ఛైర్మన్‌గా కూర్చుని పనిచేశారు. ఆ వయసులో సన్మానాలు చేయించుకుంటూ తిరిగినా ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు బీరంగూడ. 2000లో అప్పటి మెదక్ జిల్లాలో, పటాన్‌చెరు దగ్గరి ఈ ఊళ్ళో టీసీఎస్ వాళ్ళు ఒక ప్రయోగం మొదలుపెట్టారు, చదువు రాని పెద్దవాళ్ళకి కంప్యూటర్‌తో తెలుగు చదవడం నేర్పడం. వెనక ఉండి నడిపించింది కోహ్లీ, అప్పటికి ఆయన వయసు సుమారు 76. 2001 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 60 శాతం, ఆడవాళ్ళలో సుమారు 50 శాతం, అంటే ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరికి చదవడం రాదు. హైదరాబాద్ ఐటీ అని ప్రపంచమంతా చెప్పుకుంటున్న రోజులు అవి, పక్కనే ఈ లెక్క.

పెద్దవాళ్ళకి చదువు నేర్పడం ఎందుకు ఫెయిలవుతుందో చూస్తే ఈ ప్రయోగం విలువ తెలుస్తుంది. మామూలుగా ఏం చేస్తాం, పలక ఇచ్చి అ ఆ లు దిద్దిస్తాం. యాభైకి పైగా అక్షరాలు, తర్వాత గుణింతాలు, తర్వాత ఒత్తులు, ఒక మాట చదవగలిగేసరికి నెలలు పడుతుంది. పొద్దంతా పొలంలో వంగి పనిచేసి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, కళ్ళు మూతలు పడుతుంటే లాంతరు ముందు 'ఋ' దిద్దమంటే ఎవరు దిద్దుతారు? పైగా పిల్లల్లాగా తప్పు చేయడానికి పెద్దవాళ్ళకి సిగ్గు. కోహ్లీ జట్టు ఈ సమస్యని కూడా ఒక సిస్టమ్‌లాగే చూసింది. పెద్దవాళ్ళకి భాష ఆల్రెడీ వచ్చు, వేల మాటలు నోట్లో ఉన్నాయి, లేనిదల్లా ఆ శబ్దానికీ కాగితం మీద ఉన్న ఆకారానికీ మధ్య లింకు. కాబట్టి అక్షరాల నుంచి మాటకి వెళ్ళకుండా నేరుగా మాటతో మొదలుపెడదాం అనుకున్నారు. స్క్రీన్ మీద బొమ్మ, దాని పక్కన మొత్తం మాట, స్పీకర్‌లోంచి ఆ మాట గొంతు. మళ్ళీ మళ్ళీ. తర్వాత ఆ మాటే ముక్కలుగా విడిపోతుంది, ఏ ముక్క ఏ శబ్దమో కనపడుతుంది, అదే ముక్క ఇంకో మాటలో వస్తే కన్ను దాన్ని గుర్తుపడుతుంది. కంప్యూటర్‌కి విసుగు రాదు, పదోసారి అడిగినా అదే గొంతుతో చెప్తుంది, ఎవరూ నవ్వరు.

ఇంకో తెలివైన నిర్ణయం, రాయడాన్ని పక్కన పెట్టేశారు. చదవడం ఒక్కటే, అదీ రోజువారీకి కావాల్సిన కొన్ని వందల మాటలతో, సుమారు 40 గంటల క్లాసుల్లో. సంతకం పెట్టడం నేర్పించి అక్షరాస్యుల లిస్టులో పేరు రాసుకోవడం మనకి బాగా అలవాటైన మోసం, వీళ్ళు సరిగ్గా దానికి ఎదురుదిశలో వెళ్ళారు, సంతకం రాకపోయినా పర్లేదు, బస్సు బోర్డు చదవాలి, రేషన్ షాపు దగ్గర రాసింది చదవాలి, పేపర్లో హెడ్డింగులు కూడబలుక్కోవాలి. పాఠాలకి కూడా కొత్తగా ఏదో కనిపెట్టలేదు, జాతీయ సాక్షరతా మిషన్ వాచకాలనే తీసుకుని వాటికి బొమ్మా గొంతూ కలిపారు. మెషీన్లు కూడా ఆఫీసులు పాతబడ్డాయని తీసేసిన కంప్యూటర్లే, కాబట్టి ఖర్చు తక్కువ. చెప్పేవాళ్ళకి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు, మెషీన్ ఆన్ చేసి పక్కన నిలబడి ధైర్యం చెప్పే మనిషి చాలు. తెలుగులో కుదిరాక తమిళం, హిందీ, మరాఠీ, బెంగాలీ లాంటి భాషల్లోకి తీసుకెళ్ళారు.

తెలుగువాళ్ళం ఈ విషయాన్ని ఎంత తక్కువగా చెప్పుకుంటామో తలుచుకుంటే బాధేస్తుంది. పెషావర్‌లో పుట్టిన ఒక పంజాబీ పెద్దాయన, తెలుగు అక్షరం చదవడం రాని ఆడవాళ్ళ కోసం మన భాషలో మొదటి పాఠం చేయించారు. 2002లో పద్మభూషణ్ వచ్చిందని ప్రతి వార్తలో ఉంటుంది, ఈ సంగతి ఉంటే చివరి పేరాలో ఉంటుంది.

అయితే ఈ ప్రయోగం ఆయన ఆశపడినంత వేగంగా దేశమంతా పాకలేదు. కొన్నేళ్ళలో దేశం మొత్తాన్ని అక్షరాస్యం చేసేయొచ్చని నమ్మిన మనిషి ఆయన. ఒక కంపెనీ తన డబ్బుతో, తన వాలంటీర్లతో లక్షమందికి నేర్పగలదేమో, కోట్లమందికి నేర్పాలంటే ప్రభుత్వం తన సొంత పనిగా ఎత్తుకోవాలి, ఊరూరా సాయంత్రం తలుపు తీసే మనిషి ఉండాలి, కరెంట్ ఉండాలి, పాతబడిన కంప్యూటర్ పాడైతే బాగుచేసే దిక్కుండాలి. దానికి మించిన చిక్కు ఇంకోటుంది, 40 గంటల్లో చదవడం వచ్చాక చదవడానికి ఊళ్ళో ఏముంది? గ్రంథాలయం మూతపడి, పేపర్ సర్పంచ్ ఇంటికే వస్తే, నేర్చుకున్న మాటలు ఏడాది తిరిగేలోపు జారిపోతాయి. లోడ్ డిస్పాచ్‌లో ప్లాంటూ, లైనూ, స్విచ్చూ అన్నీ ఆయన మాట వినేవి, ఇక్కడ వినాల్సినవాళ్ళు చాలామంది, వాళ్ళెవరూ ఆయన కింద పనిచేసేవాళ్ళు కాదు. పద్ధతిలో లోపం కంటే దాన్ని అందుకోవాల్సిన చేతుల్లో లోపమే ఎక్కువ అనిపిస్తుంది.

2015లో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఆయన పేరు మీద కోహ్లీ సెంటర్ ఆన్ ఇంటెలిజెంట్ సిస్టమ్స్ పెట్టారు, టీసీఎస్ ఫౌండేషన్ సాయంతో. రోబోటిక్స్, మెషీన్ చూపు, మనిషి బుర్ర భాషని ఎలా పట్టుకుంటుంది, భారతీయ భాషల్ని కంప్యూటర్‌కి ఎలా నేర్పాలి, ఇలాంటివి అక్కడ పని. పుణెలో ఆయనతో పనిచేసిన కేశవ్ నోరి గారు తర్వాత ఇక్కడే పాఠాలు చెప్పారు. క్యాంపస్‌లో కోహ్లీ రీసెర్చ్ బ్లాక్ అని ఒక బిల్డింగే ఉంది, తెలుగు వాక్యాన్ని ఎలా విడదీయాలి, ఎలా అనువదించాలి అని కుర్రాళ్ళు కుస్తీ పడే చోటు. అక్కడి నుంచి బీరంగూడ, ట్రాఫిక్ లేకపోతే, అరగంట ముప్పావుగంట దూరం.

బీరంగూడ ఇప్పుడు ఊరులా లేదు. జిల్లా కూడా మారింది, 2016 నుంచి సంగారెడ్డి. కమాన్ దాటి లోపలికి వెళ్తే వరసగా అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలు, పొద్దున్నే మెడలో ఐడీ కార్డులతో క్యాబ్ కోసం నిలబడే కుర్రాళ్ళు, అందులో టీసీఎస్ కార్డులూ ఉంటాయి. వాళ్ళ ఇళ్ళల్లో గిన్నెలు తోమడానికి వచ్చే ఆడవాళ్ళలో ఇప్పటికీ ఫోన్‌లో వచ్చిన మెసేజ్ పట్టుకుని "ఇందులో ఏం రాసుందో కొంచెం చెప్పమ్మా" అని అడిగేవాళ్ళు ఉన్నారు.